ఆ లెమ్మా ఎవరిది

జర్నల్ సంపాదకుడు మంచివాడు. అతనితో వచ్చిన చిక్కే అది. పెద్దసారు పంపిన పేపరు చేతికి అందగానే, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన శిష్యురాలైతే ఓపిగ్గా, అభిమానంగా చదివి అభిప్రాయం రాస్తుందని తలచి, దాన్ని తీసుకొచ్చి సరిగ్గా ఆవిడ నెత్తినే పెట్టాడు. గురువుగారి పేరు చెవిన పడితే చాలు, ఇరవయ్యారేళ్లుగా ఆ శిష్యురాలి కడుపు మండిపోతోందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు? తెలిసినవాళ్లు ముగ్గురే. ఒకరు ఆవిడ, ఒకరు పెద్దసారు, మూడోవాడు ఆవిడ మొగుడు.

ఆవిడ యూనివర్సిటీలో సమితి సిద్ధాంతం, తర్కం చెప్పే ప్రొఫెసరు. వయసు యాభై మూడు. విద్యార్థులు పెట్టిన పేరు ఎందుకమ్మ. ఎవరు బోర్డు మీద ఏ వాక్యం రాసినా వెనక బెంచీలో కూర్చుని "ఎందుకు?" అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా రెండో వాక్యం రాయనివ్వదు. ఆ ఒక్క మాటకి తట్టుకోలేక కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు, లెక్కలకో దణ్ణం పెట్టి బ్యాంకు ఉద్యోగాల్లో చేరినవాళ్లూ ఉన్నారు. ఆ పేరు సంగతి ఆవిడకి తెలుసు. పైకి కనపడనివ్వదు గానీ లోలోపల కాస్త గర్వం కూడా.

ఇక ఆ మంట సంగతి. ఆవిడకి అప్పుడు ఇరవయ్యేడేళ్లు. ఓ మధ్యాహ్నం పెద్దసారు గదిలో, ఆయన బోర్డు మీద, ఒక లెమ్మా రుజువు చేసింది. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతాన్ని నిలబెట్టడానికి ముందుగా రుజువు చేసి పెట్టుకునే చిన్న సిద్ధాంతం. చిన్నదే కావచ్చు, కానీ దాని కోసం పెద్దసారు నాలుగేళ్లుగా తల బద్దలుకొట్టుకుంటున్నారు. గంటన్నర సేపు ఆవిడ రాస్తూ పోయింది, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కన్నార్పకుండా చూశారు. మూల కుర్చీలో ఇంకో విద్యార్థి కూర్చుని అంతా విన్నాడు. అయిపోయాక ఆయన చాలా మెత్తగా, "కాగితాల మీద రాసిచ్చి వెళ్లమ్మా, తీరిగ్గా చూస్తాను" అన్నారు. ఏడు కాగితాలు రాసిచ్చింది. నకలు తీసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు, గురువుగారి దగ్గర అలాంటి అనుమానాలు ఎవరికొస్తాయి?

ఎనిమిది నెలలకి ఆ లెమ్మా అచ్చయింది, ఆయన పేరుతో. చివర కృతజ్ఞతల్లో ఆవిడ పేరు కూడా ఉంది. టైపింగులో సాయం చేసినందుకట.

వెళ్లి అడిగింది. ఆయన తడుముకోలేదు. "నా గదిలో, నా ప్రశ్న మీద, నా బోర్డు మీద పుట్టింది నాది కాక ఎవరిదవుతుంది?" అన్నారు. కాస్త ఆగి, "నీ థీసిస్ మీద ఇంకా నా సంతకం కాలేదు కదూ" అని కూడా అన్నారు. ఆవిడ మూల కుర్చీ వైపు చూసింది, ఆ విద్యార్థి అప్పుడూ అక్కడే ఉన్నాడు. ఆ కుర్చీలోని మనిషికి కూడా అదే సంతకం కావాలి. అతను తన బూట్లని మొదటిసారి చూస్తున్నట్టు తెగ పరీక్షగా చూసుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆవిడ అతన్నే పెళ్లి చేసుకుంది. ఎందుకు చేసుకుందంటే ఆవిడకే ఇప్పటికీ సరైన రుజువు దొరకలేదు.

అప్పట్నుంచీ ప్రపంచంలో ఏ పుస్తకం తీసినా అది పెద్దసారు లెమ్మాయే. ఆవిడ తన తొమ్మిది పేపర్లలో దాన్ని వాడుకుంది, వాడకుండా ఆ దారిలో ఒక్క అడుగు కూడా పడదు. వాడిన ప్రతిసారీ పళ్లు నూరుకుంటూ ఆయన పేరు రాసింది. ఆ తొమ్మిదింటి మీదే లెక్చరరు అయింది, రీడరు అయింది, ప్రొఫెసరు అయింది. ఇన్నేళ్లలో ఆవిడకి కావలసిందల్లా ఒక్క ముక్క. ఆ లెమ్మా ఆమెది అని ఆయన నోటితోనో చేతితోనో రావాలి. అంతకుమించి ఆయన నుంచి గుక్కెడు మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

పేపరు రాసినవాళ్లతో తగాదా ఉంటే దాన్ని చదవకుండా తిప్పి పంపేయాలి, అది ఇలా పేపర్లు చదివి అభిప్రాయం చెప్పే రిఫరీలకి నియమం. ఆ నియమం ఆవిడకి బాగా తెలుసు. తెలిసే ఆ నలభయ్యొక్క పేజీలనీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

ఎర్ర పెన్ను పట్టుకుని మూడు వారాలు కూర్చుంది. తప్పు దొరకాలి. చిన్నది కాదు, ఆయన మళ్లీ తలెత్తుకోలేనంతది దొరకాలి. దొరకలేదు. పేపరు బాగుంది. కొన్నిచోట్ల ఎంత బాగుందంటే ఆవిడ చదవడం ఆపి, వంటింట్లోకెళ్లి నీళ్లు తాగి, కోపం తెచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చోవలసి వచ్చింది.

"డెబ్బై తొమ్మిదేళ్లొచ్చాయి, ముసలాయన బుర్ర ఇంకా కత్తిలాగే ఉంది" అంది మొగుడితో, ఫిర్యాదు చేస్తున్నట్టు.

అతను వేరే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాడు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకుంటుంది. "బాగుంటే బాగుందని రాసి పంపెయ్. నీ పీడా పోతుంది" అన్నాడు.

"నువ్వైతే అలాగే పంపేస్తావు. నీకది అలవాటేగా."

అతను చదువుతున్న న్యూస్ పేపరు మడిచి లేచి వెళ్లిపోయాడు. వాళ్ల సంసారంలో ఆ మాట నెలకోసారైనా వస్తుంది, అతను నెలకోసారైనా అలా లేచి వెళ్తాడు.

పందొమ్మిదో పేజీలో లెమ్మా ఉంది. పాత పేపరు దొరకనివాళ్ల కోసం అంటూ రుజువంతా పెద్దసారు మళ్లీ దింపేశారు, అక్షరం పొల్లుపోకుండా, ఆవిడ వాక్యాల్లోనే. మొదటి మూడు వారాలూ ఆవిడ ఆ పేజీల్ని తిప్పేసింది. తన సొంత రుజువుని తానెందుకు చూసుకోవడం? కంఠతా వచ్చిన సంగతేగా. కానీ నాలుగో వారానికి ఇంకేమీ మిగల్లేదు. ఉత్త మొండితనంతో, ఒక్క కామా దగ్గరైనా తప్పు పట్టకపోతే నిద్రపట్టదన్న కసితో అది కూడా మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ప్రతి వాక్యం దగ్గరా ఎందుకు అని అడుగుతూ పోయింది. పదకొండో వాక్యం దగ్గర జవాబు రాలేదు.

మళ్లీ అడిగింది. రాలేదు.

విషయం ఇది. కాగితాలతో నిండిన అరలు అనంతంగా ఉన్నాయనుకోండి. ఒక్కో అరలో కాగితాలకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి జాబితా రాయొచ్చు. ఒక అరకి జాబితాలు చాలా రకాలుగా రాయొచ్చు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. పది అరలైతే పదిసార్లు ఎంచుకుంటాం, గొడవ లేదు. అనంతమైన అరలకి ఒక్కసారే ఎంచుకోవాలంటే, ఏది ఎంచుకోవాలో చెప్పే నియమం ఒకటుండాలి. నియమం లేకపోతే ఎంపిక స్వీకృతం అనే పెద్ద సూత్రాన్ని అరువు తెచ్చుకోవాలి. ఆ లెమ్మా గొప్పతనమంతా ఆ అరువు లేకుండా పని జరిపించడంలోనే ఉంది. రుజువు మొదట్లో అరలకి సహజంగా ఒక వరస ఉంది కాబట్టి నియమం దానంతటదే వచ్చింది. తర్వాత ఆ అరల్ని తీసేసి పెద్ద అరలు పెట్టింది, వాటికి ఏ వరసా లేదు. పదకొండో వాక్యంలో మాత్రం వరస ఇంకా అక్కడే ఉన్నట్టు, ప్రతి అరకీ నిమ్మకు నీరెత్తినట్టు ఒక జాబితా తీసుకుంటూ పోయింది. అనంతంగా.

ఈ తప్పు ఎవరైనా చేస్తారని ఆవిడ ప్రతి ఏడూ మొదటి క్లాసులోనే హెచ్చరిస్తుంది. చేసినవాళ్లని నిలబెట్టి కడిగేస్తుంది. ఇప్పుడు ఆవిడ మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

ఒక గంట తర్వాత మొగుడికి చెప్పింది. అతను కాగితాలు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ మూడు పేజీలూ రెండుసార్లు చదివాడు. అతని మొహంలోకి నెమ్మదిగా నవ్వొచ్చింది.

"ఇంకేం మరి. దేవుడున్నాడు" అన్నాడు. "దొంగిలించినవాడు సరుకు చూసుకోలేదు. రిఫరీ పేరు ఎవరికీ తెలియదుగా, తప్పని రాసి పంపెయ్. పేపరు పోతుంది, ఆ లెమ్మా పోతుంది, పరువు పోతుంది. వచ్చే నెల ఎనభయ్యో పుట్టినరోజు సభట, అది కూడా చప్పబడిపోతుంది."

"నా తొమ్మిది పేపర్లు?"

"అవి పోతే నీ తప్పేముంది? పెద్దసారు లెమ్మాని నమ్మి మోసపోయానంటావు. నమ్మినవాళ్లు నీలాంటివాళ్లు ఇంకో వందమంది ఉన్నారు. జాలిపడతారు."

లెక్కకి అంతా సరిపోయింది. ఇన్నేళ్ల కసి తీరుతుంది, ఆవిడ మీద మచ్చ పడదు, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టుంది. ఆవిడ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది.

"అలా చేస్తే ఆ లెమ్మా ఇక ఎప్పటికీ ఆయనదే" అంది. "మంచిదైనప్పుడు ఆయనదే, చెడ్డదైనప్పుడూ ఆయనదే. మరి నేనేం చేసినట్టు?"

"తప్పు లెమ్మా నాదని చాటింపు వేసుకుంటావా? మతిపోయిందా నీకు?"

"నాదే కాబట్టి నాదంటాను. నువ్వు సాక్షి సంతకం పెట్టు. ఆ రోజు గదిలో ఉన్నావు."

అతను కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. "రిటైర్‌మెంటుకి రెండేళ్లుంది నాకు. ఇప్పుడీ రచ్చలో నేనెందుకు? అప్పుడు ఎందుకు చెప్పలేదని నన్నడుగుతారు."

"నేనూ అదే అడుగుతున్నాను" అంది ఆవిడ. అతను సంతకం పెట్టలేదు.

రిఫరీలు పేరు దాచుకుంటారు, అది ఎప్పట్నుంచో ఉన్న మర్యాద. ఆవిడ పేరు రాసింది. పదకొండో వాక్యంలో తప్పేమిటో ఒక పేజీలో వివరించింది. కింద ఇలా రాసింది: ఈ రుజువు ఇరవయ్యారేళ్ల కిందట నేను చేశాను. ఏడు కాగితాల మీద రాసి ఈ రచయిత చేతికిచ్చాను. ఇందులో తప్పు నాది, ఆయనది కాదు. లెమ్మా కూడా నాది, ఆయనది కాదు. దీని మీద ఆధారపడిన నా తొమ్మిది పేపర్లనీ వెనక్కి తీసుకుంటున్నాను.

సంపాదకుడికి గుండెల్లో రాయి పడింది. పాపం అతను రెండు రోజులు ఆలోచించి, ఇంకేమీ తోచక దాన్ని ఉన్నదున్నట్టుగా పెద్దసారుకి పంపించాడు.

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి ఇంకో పది రోజులు ఎదురుచూడలేకపోయింది. క్లాసులో మాట మధ్యలో ఆగిపోయేది. ఎవరి వాక్యానికీ ఎందుకని అడగలేదు, పిల్లలు భయపడ్డారు. ఆయన ఏమంటాడు? ఒప్పుకోక ఛస్తాడా అనుకుంది. తప్పుని ఎవడూ మీదేసుకోడు. తప్పు నాది కాదంటే లెమ్మా నాది కాదన్నట్టే. ఎటు తిరిగినా ఆ ఒక్క ముక్క ఆయన రాయక తప్పదు. తర్కంలో ఎక్కడా లొసుగు లేదు.

జవాబు తర్వాతి సంచికలో అచ్చయి వచ్చింది. నాలుగు వాక్యాలు. ఫలానా లెమ్మా రుజువులో లోపం ఉంది. దీన్ని నా దృష్టికి తెచ్చిన రిఫరీకి కృతజ్ఞతలు. ఈ తప్పుకి పూర్తి బాధ్యత నాదే. ఆ రుజువులో నాకు తప్ప మరెవరికీ ఏ విధమైన భాగమూ లేదు.

నాలుగో వాక్యాన్ని ఆవిడ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. తప్పుతో సహా మింగేశాడు. బురద మొహానికి పూసుకోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ, ఆ బురద కూడా ఆవిడకి దక్కనివ్వలేదు.

అక్కడితో అయితే బాగుండేది. పుట్టినరోజు సభలో లేచినవాళ్లంతా ఆ నాలుగు వాక్యాల గురించే మాట్లాడారు. ఎనభై ఏళ్ల వయసులో తన తప్పు తానే చాటుకున్న మహానుభావుడన్నారు. గణితానికి నిజాయితీయే ప్రాణమన్నారు. చప్పట్లు ఆగలేదు. పెద్దసారు ముందు వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని, ఈ పొగడ్తలన్నీ ఎందుకన్నట్టు తల వంచుకుని కూర్చున్నారు. ఆ వంచిన తలని చూస్తుంటే ఆవిడకి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

టీ దగ్గర ఆయన ఒంటరిగా దొరికారు. ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"తప్పు మీదని రాశారు."

"రాశాను" అన్నారు ఆయన, కప్పులో చెంచా తిప్పుతూ. "నువ్వు తెలివైనదానివే, కానీ మనుషుల లెక్క నీకెప్పుడూ రాదు. తప్పు చేశానంటే నెత్తిన పెట్టుకుంటారు. చూశావుగా చప్పట్లు. నీది తీసుకున్నానని రాస్తే ఈ హాల్లో ఒక్కడు నాతో టీ తాగేవాడా?"

"ఇరవయ్యారేళ్లయింది సార్. ఇప్పటికైనా మీకు ఏమీ అనిపించదా?"

"అనిపిస్తుంది. ఆ పదకొండో వాక్యం నేను చూసుకోవలసింది. నిన్ను నమ్మాను."

ఆయన పక్కకి తప్పుకుని వెళ్లబోయారు. ఆవిడ కదల్లేదు. "దాన్ని సరిచేయొచ్చు" అంది. "సరిచేశాను కూడా. ఈసారి కాగితాలు మీకివ్వను."

అది అబద్ధం. పచ్చి అబద్ధం. తప్పు బయటపడ్డ ఆ నెలన్నరలో ఆవిడ ఇంకో పని చేసింది. ఎంపిక స్వీకృతం ఒక్కటి తప్ప మిగతా నియమాలన్నీ ఉన్న ఒక గణిత లోకాన్ని కట్టింది, అందులో ఆ లెమ్మా నిలబడదని చూపించింది. అంటే అరువు తేకుండా దాన్ని ఎవరూ ఎన్నటికీ రుజువు చేయలేరు. తను పెంచిన దాన్ని తన చేత్తోనే పాతిపెట్టిన ఆ రుజువులో ఏ వాక్యాన్ని అడిగినా జవాబుంది. వచ్చే నెల తన పేరుతో పంపబోతోంది.

పెద్దసారు కప్పు పక్కన పెట్టేశారు. సభంతా వంగి ఉన్న తల ఇప్పుడు లేచింది. కళ్లల్లోకి ఆ పాత ఆకలి వచ్చేసింది.

"ఎలా?" అన్నారు.

ఆవిడ జవాబు చెప్పకుండా వచ్చేసింది.

మర్నాడు ఫోన్ వచ్చింది. "అరల్ని మార్చావా, జాబితాల్ని మార్చావా? అది ఒక్కటి చెప్పు." పెట్టేసింది. మూడో రోజు మళ్లీ చేశారు. పొద్దుట్నుంచీ దాని మీదే కూర్చున్నానని, తిండి కూడా సయించడం లేదని, కోడలు తిడుతోందని చెప్పారు. పెట్టేసింది. ఇదంతా నీచమని ఆవిడకి తెలియకపోలేదు. తెలిసీ, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని కాచుకుని ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం, క్లాసు అయిపోయి గదిలో ఒక్కతే ఉన్నప్పుడు మోగింది.

"నీకేం కావాలి?" అన్నారు ఆయన. గొంతు బాగా అరిగిపోయి ఉంది.

"మీకు తెలుసు."

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "నీదే" అన్నారు.

"ఏది నాది?"

"ఆ లెమ్మా నీది. నా బోర్డు మీద నువ్వు రాశావు. నాలుగేళ్లు నాకు చేతకాలేదు, నీకు గంటన్నరలో వచ్చింది. నాకు కడుపు మండింది, తీసేసుకున్నాను. చాలా? ఇప్పుడు చెప్పు, ఎలా సరిచేశావు?"

"సరిచేయలేదు సార్. అది కుదిరే పని కాదు. కుదరదని రుజువు చేశాను."

ఆయనకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"అబద్ధమాడావన్నమాట."

"ఆడాను."

"తర్కం చెప్పుకుని బతికేదానివి."

"మీ దగ్గర చదువుకున్నదాన్ని."

"ఇప్పుడన్నది అనలేదంటాను" అన్నారు ఆయన. "నీకు సాక్ష్యం లేదు."

"అనండి" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట వింటే ఇన్నేళ్ల మంట ఒక్కసారిగా చల్లారిపోతుందనుకుంది. చల్లారలేదు. ఆయన మీద కోపం అలాగే ఉంది, దాని పక్కన తన మీద ఇంకొంచెం కొత్తగా చేరింది. కుర్చీలో కూర్చుని చేతులకున్న సుద్దపొడి దులుపుకుంటూ ఉండిపోయింది.

ఇంటికి తీసుకెళ్లడానికి మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ మొహం చూసి, "మళ్లీ చేశాడా? ఏమన్నాడు?" అన్నాడు.

"లెమ్మా నాదేనన్నాడు."

అతను గబగబా లోపలికొచ్చి తలుపు వేశాడు. "నిజంగానా? ఎవరైనా విన్నారా?"

"లేదు. గదిలో ఎవరూ లేరు" అంది ఆవిడ. "ఆ రోజు గదిలో నువ్వున్నావు. అప్పుడు మాత్రం ఎవరు విన్నారు?"